శీర్షిక చదవని ప్రూఫ్‌రీడర్: ఒక పాత లాప్‌టాప్ డైరీ

శనివారం, రాత్రి 10.40

చిక్కడపల్లిలో మా ఇంటి ముందుగదే నా డీటీపీ కేంద్రం. ఒక లేజర్ ప్రింటరు, పెద్ద మానిటరు, 2014లో కొన్న ఈ లాప్‌టాప్, అంతే సరంజామా. పెళ్లిపత్రికలు, సావనీర్లు, ఎప్పుడైనా రిటైరైన మాస్టారు ఎవరో తెచ్చే పద్యాల పుస్తకం. అచ్చు ఛత్తా బజారులో. కంపోజింగు, ప్రూఫులు నావి.

లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇందులోకి రాదు. అది ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసరైనా కావాలంటుంది, నాది నాలుగో తరం. మూడేళ్ల కిందట ఎస్‌ఎస్‌డీ వేయించాను, ర్యామ్ 8 జీబీ ఉంది, కీబోర్డులో ఒక్క అక్షరం కూడా అరగలేదు. ఇలాంటి మెషీనును పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పలేదు. డెబియన్ 13 అనే లినక్సు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిద్దామని నిశ్చయించుకున్నాను.

విండోస్‌ను పూర్తిగా తీసేయడానికి మాత్రం లేదు. పదేళ్ల పత్రికలు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ అక్షరాలు కావు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే ‘శుభలేఖ’ కాస్తా పిచ్చిగీతలవుతుంది. మార్గశిరం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. ‘మా పెద్దమ్మాయి పెళ్లికి వేశారే, అదే డిజైను’ అంటూ వచ్చేవాళ్లు ఉంటారు. కాబట్టి రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఒకే డిస్కులో కాపురం చేయాలి.

ఈ రోజు చేసినవి: ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేశాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను. అది ఉంటే షట్‌డౌన్ అన్నా మెషీను సగం నిద్రలోనే ఉంటుంది, ఆ విభాగంలోని ఫైళ్లను లినక్సు రాయనివ్వదు. విండోస్ విభాగాన్ని కుదించి 120 జీబీ ఖాళీ చేశాను. పెన్‌డ్రైవు నుంచి ఇన్‌స్టాలరు నడిపాను. అరగంట పట్టింది. ఒక్క తప్పూ చూపలేదు. చివర్లో ‘పూర్తయింది, పెన్‌డ్రైవు తీసేయండి’ అంది. తీశాను.

నేరుగా విండోస్ వచ్చింది.

రెండిట్లో ఏది కావాలని అడిగే గ్రబ్ పట్టీ లేదు. రీస్టార్టు చేశాను, మళ్లీ విండోసే. లినక్సు డిస్కులో కూర్చునే ఉంది, 120 జీబీ ఖాళీ మాయమైంది. వెళ్లే దారే లేదు.

ఆదివారం, మధ్యాహ్నం

బెంగళూరులో ఉన్న తమ్ముడికి ఫోను చేశాను. “ఏదో తేడా వచ్చి ఉంటుంది. మళ్లీ ఎక్కించు అక్కా, సర్దుకుంటుంది” అన్నాడు. కంప్యూటర్ల విషయంలో మా ఇంటి వైద్యమంతా ఇదే. మళ్లీ ఎక్కించాను. పాత లినక్సు విభాగాన్ని తీసేసి, దాని పక్కన ఉన్న చిన్న స్వాప్ విభాగాన్ని (ర్యామ్ చాలనప్పుడు లినక్సు వాడుకునే చోటు) మాత్రం పోనీలే అని వదిలేశాను (ఈ పోనీలే గురించి శుక్రవారం రాస్తాను). మళ్లీ అరగంట, మళ్లీ ‘పూర్తయింది’, మళ్లీ విండోస్.

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి అన్నం తింటూ చూస్తోంది. “రెండుసార్లూ ఒకటే చేశావు కదమ్మా, ఫలితం వేరుగా ఎందుకు వస్తుంది?” అంది. కోపం వచ్చింది. అడిగింది సబబే కాబట్టి ఇంకొంచెం ఎక్కువ వచ్చింది.

ఆ తర్వాతే ఈ నోటుబుక్కు తీశాను. నిన్నటి పేజీ కూడా ఇవాళ గుర్తు తెచ్చుకుని రాసిందే. ఇకమీదట ఒకసారికి ఒక్క మార్పే. ఏం మార్చానో ముందు రాయాలి, ఏమైందో తర్వాత రాయాలి. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాసుకుంటున్నాను. టైపు చేసేటప్పుడు ఎటూ ఇంగ్లీషు అక్షరాలే.

ఆదివారం, సాయంత్రం 6.15

దొరికింది. తలకొట్టేసినట్టయింది.

పెన్‌డ్రైవుతో మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఏదీ నొక్కకుండా మొదటి తెరను కుదురుగా చదివాను. ఎంపికల పైన ఉన్న శీర్షికలో డెబియన్ ఇన్‌స్టాలర్ అని ఉంది, దాని పక్కనే బ్రాకెట్లలో ‘బయాస్ మోడ్’ అని ఉంది. నిన్నా ఉంది, పొద్దున్నా ఉంది. అచ్చుపనిలో అందరికీ తెలిసిన సంగతే: లోపలి అక్షరాలను భూతద్దంతో చూస్తాం, శీర్షికలో ఉన్న తప్పు కళ్లముందే జారిపోతుంది. ఒకసారి వరుడి పేరు మూడు ప్రూఫుల్లోనూ సరిగ్గా ఉండి, పైన ‘శుభలేక’ అని వెళ్లిపోయింది. ఆ నాలుగు వందల పత్రికల కట్ట ఇప్పటికీ అటక మీదే ఉంది.

సంగతి ఇది. మెషీను మొదలుకావడానికి రెండు పద్ధతులున్నాయి. పాతది బయాస్: డిస్కు మొట్టమొదటి ముక్కలో ఉన్న చిన్న ప్రోగ్రామును గుడ్డిగా నడుపుతుంది. కొత్తది యూఈఎఫ్ఐ: డిస్కులో ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్ విభాగం ఉంటుంది, అందులో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక్కో ఫోల్డరు. ఏ ఫైలును నడపాలో మదర్‌బోర్డు తన సొంత జాబితాలో రాసుకుంటుంది. నా విండోస్ కొత్త పద్ధతిలో ఉంది. పెన్‌డ్రైవును నేను పాత పద్ధతిలో మొదలుపెట్టాను కాబట్టి ఇన్‌స్టాలరు కూడా గ్రబ్‌ను పాత చోట పెట్టింది. మెషీను అటువైపు చూడనే చూడదు.

ఎఫ్12 నొక్కితే వచ్చే పట్టీలో అదే పెన్‌డ్రైవు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకటి ఉత్త పేరుతో, ఇంకోటి ముందు ‘యూఈఎఫ్ఐ’ అన్న మాటతో. రెండుసార్లూ పైనున్నదే కదా అని మొదటిది నొక్కాను.

అనుమానం తీర్చుకోవడానికి ఒక దారి ఉంది. ఇన్‌స్టాలరులోంచి కమాండ్ తెర తెరిచి సిస్ ఫోల్డరులో, ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ అనే ఫోల్డరు ఉందేమో చూడాలి. ఉంటే కొత్త పద్ధతి, లేకపోతే పాతది. చూశాను, లేదు. రెండో పేరుతో మొదలుపెట్టి చూశాను, ఉంది.

మూడోసారి ఎక్కించాను. ఈసారి కారణం తెలిసి ఎక్కించాను కాబట్టి సిగ్గుపడలేదు.

ఆదివారం, రాత్రి 9.30

నేరుగా విండోస్.

సోమవారం, రాత్రి

పగలంతా ఒక గృహప్రవేశం పత్రిక పని. రాత్రి భోజనాలయ్యాక కూర్చున్నాను. నాలుగోసారి ఎక్కించడానికి చేయి వెళ్లింది, నోటుబుక్కు చూసి ఆగాను.

పెన్‌డ్రైవులో రెస్క్యూ మోడ్ అని ఉంటుంది. దాన్నుంచి, డిస్కులో ఎక్కించిన లినక్సులోకి పక్కదారిన దూరవచ్చు. లోపలికి వెళ్లి ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్ ఇచ్చాను. మదర్‌బోర్డు జాబితాలో ఏమేమి రాసి ఉందో అది చూపిస్తుంది. ఒక్క విండోస్ బూట్ మేనేజరు ఉంది. డెబియన్ లేదు.

ఇన్‌స్టాలరు రాయలేదా, రాసిందాన్ని ఎవరైనా కొట్టేశారా? గ్రబ్‌ఇన్‌స్టాల్ కమాండ్‌ను మళ్లీ నడిపి జాబితా చూశాను. రెండు వరుసలున్నాయి. 0000 విండోస్, 0001 డెబియన్. వరుసక్రమంలో 0001 ముందు. అంటే రాయడం బాగానే రాస్తోంది.

ఇక రీస్టార్టు చేసి విండోస్‌లోకి పోనిస్తే, తుడిచింది విండోసో మెషీనో తేలదు. అందుకని రీస్టార్టు కాగానే ఎఫ్12 పట్టుకుని, విండోస్‌కు ఊపిరి ఆడనివ్వకుండా మళ్లీ పెన్‌డ్రైవులోకే వెళ్లాను. జాబితా తెరిచాను. 0001 లేదు. విండోస్ నడవనే లేదు, అయినా డెబియన్ పోయింది. తుడిచేస్తున్నది మదర్‌బోర్డులోనే ఉండి మెషీనును మొదలుపెట్టే ప్రోగ్రాము, అంటే ఫర్మ్‌వేరే.

మొదటి రోజు నుంచి నేను తిట్టుకుంటున్న విండోస్‌కు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

మంగళవారం

ఇంకో అనుమానం తలెత్తింది. ఈ లాప్‌టాప్ ప్లగ్గు తీస్తే గడియారం 2013 జనవరి 1కి వెళ్లిపోతోంది (పెద్ద బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తీసేశాను). తేదీ తప్పుగా ఉన్నప్పుడు సైట్లు భద్రతా పత్రం చెల్లదంటాయి, డెబియన్ సాఫ్ట్‌వేరు జాబితా ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అంటుంది. తేదీని మరిచిపోయే మెషీను బూట్ జాబితాను కూడా మరిచిపోతుందేమో.

చిక్కడపల్లిలో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగి, అక్కడ బ్లూ లైన్ మారి పారడైజ్‌లో దిగాను. కంప్యూటరు కొట్లుండే సీటీసీకి అక్కడి నుంచి నడకే. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరూ గుర్తుపట్టరు, సీటీసీ అంటేనే తెలుస్తుంది. కింది అంతస్తులో ఒక చిన్న కొట్టు. కుర్రవాడు వెనక మూత విప్పి, పసుపురంగు తొడుగులో రెండు సన్నని తీగలున్న నాణెం బ్యాటరీని బయటికి లాగి మీటరు పెట్టాడు. మూడు వోల్టులు ఉండాల్సినచోట ఒకటిన్నర కూడా లేదు.

“సీమాస్ బ్యాటరీ పోయింది మేడం. అందుకే సెట్టింగులు నిలవడం లేదు. ఇది మారిస్తే మీ లినక్సు కూడా వస్తుంది.”

“కచ్చితంగా వస్తుందా?”

“వస్తుంది మేడం. రాకపోతే మళ్లీ ఎక్కించుకోండి.”

అందరిదీ ఒకటే మందు. రెండువందల యాభై ఇచ్చి వచ్చేశాను.

బుధవారం, ఉదయం

ప్లగ్గు తీసి రాత్రంతా ఉంచాను. పొద్దున తేదీ సరిగ్గా ఉంది. డెబియన్ పేరు మళ్లీ రాసి రీస్టార్టు చేశాను. పేరు లేదు.

బూట్ జాబితా ఉండేది ఫ్లాష్ చిప్పులో. దానికి బ్యాటరీతో పనిలేదు. బ్యాటరీ కాపాడేది గడియారాన్నీ, కొన్ని సెట్టింగులనూ. ఖర్చు వృథా కాలేదు, గడియారం బాగుపడింది. నా రోగానికి మాత్రం ఆ మందు కాదు.

బుధవారం, రాత్రి

ఒక మార్పు: ఈఎస్‌పీలో బూట్ అనే ఫోల్డరు ఉంటుంది. జాబితాలో ఏ పేరూ పనికిరాకపోతే ఫర్మ్‌వేరు చివరి ఆశగా వెతికే చోటు అది. పెన్‌డ్రైవులు మొదలయ్యేది కూడా ఆ దారినే. గ్రబ్ నకలును అక్కడ కూడా పెట్టమని అడిగాను.

ఫలితం: ఏమీ లేదు. జాబితాలో విండోస్ చక్కగా ఉన్నంతకాలం చివరి ఆశ దాకా రావాల్సిన పనేముంది? చేసే ముందే ఆలోచించాల్సింది.

గురువారం

ఈ రోజు చదివిన ఒక ముక్క వల్ల దారి దొరికింది. 2012లో మాథ్యూ గారెట్ అనే లినక్సు డెవలపరు ఒక పేరున్న కంపెనీ డెస్క్‌టాప్ ఫర్మ్‌వేరును పరిశీలించి, అది బూట్ జాబితాలో పేరును చూసే లోపలికి రానిస్తోందని రాశారు. ఆ వరుసకు ‘విండోస్ బూట్ మేనేజర్’ అనో, ‘రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్’ అనో పేరుంటేనే రానిస్తుంది. మిగతా ఏ పేరైనా గుమ్మం బయటే. ఫైలు ఏమిటో, సంతకం ఉందో లేదో తర్వాతి మాట.

నా లాప్‌టాప్ కంపెనీ వేరు. అలవాటు మాత్రం అదే అయి ఉండాలి. పిలుపు పత్రిక మీద పేరు చూసి లోపలికి వదిలే కల్యాణమండపం కాపలాదారుకూ దీనికీ తేడా లేదు.

రెండు దారులున్నాయి. ఒకటి, ఈఎస్‌పీలో ఉన్న విండోస్ ఫైలును పక్కకు జరిపి, అదే పేరుతో లినక్సు ఫైలును పెట్టడం. పనిచేస్తుంది. ఒకరి పేరు మీద ఇంకొకరి సంతకం పెట్టినట్టుగా ఉంటుంది, రేపు విండోస్ తనను తాను మరమ్మతు చేసుకుంటే ఎవరి ఫైలు ఎవరిదో తెలియదు. వద్దనుకున్నాను. రెండోది, జాబితాలో ‘విండోస్ బూట్ మేనేజర్’ అన్న పేరును ముట్టుకోకుండా, దాని ఎదురుగా రాసి ఉన్న దారిని మాత్రం మార్చడం.

విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ తెర తెరిచాను. విండోస్ బూట్ సెట్టింగులను మార్చే కమాండ్ బీసీడీఎడిట్. ముందు దాని ఎక్స్‌పోర్ట్‌తో ఉన్నది ఉన్నట్టు దాచాను. తర్వాత బీసీడీఎడిట్ సెట్‌తో బూట్ మేనేజరు దారిని \ఈఎఫ్ఐ\డెబియన్\షిమ్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అని రాశాను. షిమ్ అనేది చిన్న మధ్యవర్తి ప్రోగ్రాము. దానికి మైక్రోసాఫ్ట్ తాళంతో సంతకం ఉంటుంది కాబట్టి సంతకం లేనిదాన్ని మొదలుకానివ్వని సెక్యూర్ బూట్ ఉన్నా ఫర్మ్‌వేరు ఒప్పుకుంటుంది. అది గ్రబ్ సంతకాన్ని సరిచూసి గ్రబ్‌ను లేపుతుంది, గ్రబ్ లినక్సును లేపుతుంది. ‘జయప్రదంగా పూర్తయింది’ అన్న వరుస వచ్చింది. ఆ మాట ఈ వారంలో చాలాసార్లు చదివాను, కాబట్టి సంబరపడలేదు.

రీస్టార్టు.

నల్లటి తెర. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత నీలం రంగు నేపథ్యం మీద డెబియన్ గ్రబ్ పట్టీ.

“వచ్చింది” అని నేను అరిచిన అరుపుకు వంటింట్లోంచి మావారు పరుగెత్తుకొచ్చారు, గ్యాసు లీకైందేమో అనుకుని.

శుక్రవారం

ఆనందంలో రాయనిది ఒకటుంది. పట్టీలో డెబియన్ మాత్రమే ఉంది, విండోస్ లేదు. ఇప్పుడు అటు దారి మూసుకుపోయింది! భయపడాల్సినదేమీ కాదు. గ్రబ్ 2.06 నుంచి, పక్కన ఇంకే సిస్టమ్‌లున్నాయో వెతికే ఓఎస్‌ప్రోబర్‌ను మామూలుగా ఆపి ఉంచుతున్నారు. ఇన్‌స్టాలరు అడిగితే నేనే వద్దన్నానేమో కూడా. గ్రబ్ సెట్టింగుల ఫైలులో ఆ నిషేధాన్ని ‘ఫాల్స్’ అని మార్చి అప్‌డేట్‌గ్రబ్ నడిపాను. విండోస్ వరుస వచ్చింది, నొక్కితే తెరుచుకుంది. పేజ్‌మేకర్‌లో ఒక పాత పత్రిక తెరిచి చూసుకుని, అప్పుడు టీ తాగాను.

ఇంకో చికాకు. లినక్సు మొదలవడానికి రెండు నిమిషాలు. సగంలో తెర ఆగి, ఎర్ర నక్షత్రాలు మూడు అటూ ఇటూ పరుగులు పెడుతుంటాయి. పక్కన ఒక డిస్కు విభాగం కోసం ఎదురుచూస్తున్నానని ఒక వరుస, దాని చివర లెక్క: 1 నిమిషం 30 సెకన్లలో ఇంత గడిచింది అని. తొంభై సెకన్లు పూర్తయ్యాక విసుగొచ్చినట్టు ముందుకు కదులుతుంది.

ఇక్కడే ఆదివారం నాటి పోనీలే. ఆ రోజు వదిలేసిన స్వాప్ విభాగాన్ని మూడో ఇన్‌స్టాలేషను తనదే అనుకుని వాడేసుకుంది, పైగా కొత్తది ఇంకోటి చేసుకుంది. డిస్కులో రెండు స్వాప్‌లు. గ్రబ్ వచ్చిన సంతోషంలో నిన్న రాత్రి శుభ్రం చేద్దామని ఒకదాన్ని తీసేశాను. తీసేసినట్టు లినక్సుకు చెప్పలేదు.

లినక్సు మొదలయ్యేటప్పుడు ఏ విభాగాలను తెరవాలో ఎఫ్‌స్ట్యాబ్ అనే ఫైలులో ఉంటుంది. అందులో విభాగాలను పేర్లతో కాక యూయూఐడీ అనే సంఖ్యతో రాస్తారు. లినక్సు విభాగాలకైతే 32 అంకెలూ అక్షరాలూ, మధ్యలో నాలుగు అడ్డగీతలు. బీఎల్‌కేఐడీ కమాండ్ డిస్కులో నిజంగా ఉన్నవాటిని చూపిస్తుంది. రెండిటినీ పోల్చాలి. కళ్లతో పోల్చబోతే నాలుగో అంకె దగ్గరే తప్పిపోయాను. అప్పుడు మాకు అలవాటైన పద్ధతే గుర్తొచ్చింది: ప్రూఫు దిద్దేటప్పుడు ఒకరు అసలు ప్రతిని పైకి చదవాలి, ఇంకొకరు గ్యాలీ (దిద్దాల్సిన ప్రూఫు కాగితం) చూడాలి. అమ్మాయిని కూర్చోబెట్టాను.

“ఏడు, ఎఫ్, మూడు, సున్నా, సి...”

“ఉంది.”

“అడ్డగీత. నాలుగు, ఎ...”

మొదటి వరుస, లినక్సుది, పూర్తిగా కలిసింది. రెండోది కలిసింది. మూడో వరుస, ఒక స్వాప్‌ది, రెండో అంకెలోనే విడిపోయింది. అలాంటి విభాగం డిస్కులో ఎక్కడా లేదు. ఊళ్లో లేని చుట్టానికి పీట వేసి తొంభై సెకన్లు కూర్చుంటోంది నా లాప్‌టాప్.

ఆ వరుస ముందు దిద్దుగుర్తులాగా ఒక హాష్ పెట్టాను. రీస్టార్టు చేస్తే నక్షత్రాలు పోయాయి, మొదట్లో ఇంకో చిన్న ఆలస్యం మిగిలింది. నిద్రాణస్థితి నుంచి లేవడానికి వాడే స్వాప్ ఏదో, లినక్సు లేచే తొలి క్షణాల్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సెట్టింగుల్లో, రెజ్యూమ్ అనే ఫైలులో విడిగా రాసి ఉంటుంది. అక్కడ కూడా పాత సంఖ్యే. మార్చి, అప్‌డేట్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ నడిపాను. ఇప్పుడు పట్టీ నుంచి డెస్క్‌టాప్ దాకా 26 సెకన్లు. ఫోనులో స్టాప్‌వాచీ పెట్టి మూడుసార్లు చూశాను.

శనివారం

పోతన, వేమన ఫాంట్లున్న ప్యాకేజీ ఎక్కించాను. ఒత్తులు చక్కగా కూర్చుంటున్నాయి. కొత్త పనులు ఇక లిబ్రాఫీసులో, యూనికోడ్‌లో. పాతవి విండోస్‌లో, నెట్టు తీసేసి.

విండోస్ ఎప్పుడైనా బూట్ మేనేజరు దారిని తన ఇంటికి తిప్పుకుంటే మళ్లీ వెతుక్కోకుండా ఉండాలని, లాప్‌టాప్ అడుగున అంటించడానికి చిన్న స్టిక్కరు కంపోజ్ చేశాను. లినక్సులో నా మొదటి పని ఇదే. పైన ‘గ్రబ్ రాకపోతే’, కింద లినక్సుకు తిప్పే బీసీడీఎడిట్ వరుస, దాని కింద తిరిగి విండోస్‌కు తిప్పే వరుస. శీర్షికను రెండుసార్లు చదివాను.

అమ్మాయి ప్రింటు చేతిలోకి తీసుకుని, “ఇందులో గీతలన్నీ ఇటు వాలాయేమిటమ్మా? నువ్వు గురువారం రాసిందాంట్లో అటు ఉన్నాయి” అంది.

నోటుబుక్కు తెరిచి చూశాను. నిజమే. నిన్నంతా లినక్సులో టైపు చేసిన చేతివాటంతో విండోస్ దారికి కూడా ముందువాలు గీతలే కొట్టాను. ఆ వరుసను అలాగే ఎక్కిస్తే పని జరగదు. దిద్ది, రెండో ప్రూఫు తీశాను. ఇప్పుడు అది తన చేతిలో ఉంది, నేను నోటుబుక్కులోంచి చదువుతున్నాను.